ఇంట్లో చేసుకుందామా, కొనుక్కుందామా?



మొన్నొక మధ్యాహ్నం పనులన్నీ ముగించుకుని కాస్త నడుం వాలుద్దామనుకుంటూండగా మా ఎదురింటి అమ్మాయి వచ్చింది. కొత్తగా కాపురం పెట్టిన పిల్ల. ముఖం చిన్నబుచ్చుకుని కూచుంది. "ఏమ్మా, అలా ఉన్నావేం?" అన్నాను.

"పిన్నిగారూ, అన్నీ ఇంట్లో చేసుకుంటే డబ్బు మిగులుతుందని అందరూ అంటారు గదా! నెల్లాళ్ళనించీ పొడులూ, పచ్చళ్ళూ, బిస్కట్లూ అన్నీ నేనే చేస్తున్నాను. టేబులు గుడ్డమీద పువ్వులు కుట్టడం కూడా మొదలుపెట్టాను. నడుం పడిపోతోందిగానీ, నెలాఖరుకి చూస్తే కిందటి నెలకంటే ఖర్చు ఎక్కువే అయింది. నాకు చేతకాదంటారా?" అంది.

చేతకాకపోవడం కాదమ్మా, లెక్క తప్పడం అన్నాను. ఆ పిల్లతో చెప్పిన సంగతులే ఈవేళ మీతోనూ ముచ్చటిస్తాను.

మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. ఇంట్లో చేసిందల్లా పొదుపు, బజారులో కొన్నదల్లా దుబారా అని. ఇందులో నిజం సగమే. మా అత్తగారు పోయాక ఆవిడ ట్రంకుపెట్టెలో పద్దుల పుస్తకాలు దొరికాయి. ఉప్పు మొదలు కర్పూరం వరకు ప్రతి పైసా రాసిపెట్టుకున్నారు. ఒక పేజీలో 'పాత చీరలు రెండు, బొంత ఒకటి, ఖర్చు దారపు ఉండ' అని ఉంది. ఆ బొంత నేనెరుగుదును. దాన్ని కుట్టడానికి ఆవిడకి ఒక వేసవిలో మధ్యాహ్నాలన్నీ పట్టాయి. రాత్రిళ్ళు బొటనవేలు లాగుతోందని కొబ్బరినూనె రాసుకుంటూ కూచునేవారు. దారపు ఉండ ఖరీదు పద్దులోకి ఎక్కింది గానీ, ఆ మధ్యాహ్నాలూ ఆ వేలినొప్పీ ఎక్కలేదు. ఎక్కాలని ఆవిడకీ తోచలేదు, మాకూ తోచలేదు. పుస్తకం మూసేశాక నాకనిపించింది, ఇంటి పొదుపులో ఇల్లాలి చేతికష్టాన్ని కూడా ఒక సరుకుగా లెక్కవెయ్యకపోతే ఆ లెక్క తప్పుల తడకేనని.

అంచేత ఏదైనా ఇంట్లో చేసుకుందామనుకున్నప్పుడు ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, దీనికి కావలసిన సరుకు ఇంట్లో ఉన్నదేనా, పనిగట్టుకుని కొనాలా? రెండు, దీనికి ఎన్ని గంటలు పడుతుంది, ఎంత గ్యాసు కాలుతుంది? మూడు, చేశాక మా ఇంట్లోవాళ్ళు దీన్ని చివరిదాకా వాడతారా? మూడింటికీ జవాబు బాగుంటేనే చెయ్యండి. రెండింటికే బాగుంటే ఆలోచించండి. ఒక్కదానికే అయితే హాయిగా కొనుక్కోండి.

ఎదురింటి అమ్మాయి బిస్కట్ల సంగతే చూడండి. వెన్న కొనాలి, అచ్చులు కొనాలి, పొయ్యి గంటసేపు వెలగాలి. అంత చేసినా, బయట పొట్లంలో వచ్చేవాటికంటే గట్టిగా వచ్చాయని ఇంటాయన ముట్టుకోలేదట. టేబులు గుడ్డకి రంగుదారాలకే బోలెడయింది. అవి సరదాకి చేసుకుంటే తప్పులేదు, కాని వాటిని పొదుపు పద్దులో వెయ్యకూడదు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఒకప్పుడు ప్లాస్టిక్ వైరు బుట్టలు అల్లడం ఊరంతా వేలంవెర్రిగా ఉండేది. నాలుగు బుట్టలకి సరిపడా వైరు ఒక్కసారే కొనేశాను. మొదటిది వంకరగా వచ్చింది, రెండోది మా వదినగారికి ఇచ్చాను, మిగతా వైరు చాలా ఏళ్ళు అటకమీదే ఉంది.

సరే, మరి ఇంట్లో చేసుకుంటే నిజంగా కలిసొచ్చేవి ఏమిటి?

మొదటిది ఇడ్లీపిండి. ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ. పప్పు నాలుగైదు గంటలు నాననివ్వాలి. మిక్సీలో రుబ్బేవారు చల్లని నీళ్ళు వాడండి, మిక్సీ వేడికి పిండి వెచ్చబడితే సరిగా పొంగదు. రవ్వని కడిగి, నీరు పిండేసి కలపండి. రాత్రంతా ఉంచితే గాలిలోనూ పప్పులోనూ ఉండే మేలుచేసే సూక్ష్మజీవులు పిండిని పులియబెట్టి, లోపల గాలి బుడగలు పుట్టిస్తాయి. ఇడ్లీ మెత్తగా ఉండడానికి అదే కారణం. గిన్నె సగానికి మించి నింపకండి, పొద్దున్నకి పొంగి గట్టుమీదికి వస్తుంది. చలికాలం అయితే మరి కొన్ని గంటలు పడుతుంది. ఇందులో మన చెయ్యి పనిచేసేది అరగంట. మిగతా పనంతా పిండే చేసుకుంటుంది. ఇంట్లో చేసుకోవలసినవి ఇలాంటివి. మనం నిద్రపోతూండగా వాటిపని అవి చేసుకునేవి. పెరుగు తోడుపెట్టడం కూడా ఈ కోవలోదే.

రెండోది కందిపొడి. గ్లాసు కందిపప్పు, అరగ్లాసు శనగపప్పు, ఎనిమిదో పదో ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర. ఒక్కొక్కటీ విడివిడిగా సన్నసెగమీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. అన్నీ కలిపి వేయిస్తే జీలకర్ర మాడిపోతుంది, శనగపప్పు పచ్చిగా ఉండిపోతుంది. పూర్తిగా చల్లారాక ఉప్పు వేసి పొడికొట్టండి. వేడిమీద సీసాలో పోస్తే ఆవిరిపట్టి ముద్దకడుతుంది. నెలకి సరిపడేంతే చేసుకోండి. ఒంట్లో బాగులేని రోజున వేడన్నంలో రెండు చెంచాల పొడీ, కాస్త నెయ్యీ వేసుకుంటే ఆ పూట కూర వండే పని లేదు. చూశారూ, ఇది డబ్బుతోపాటు ఒక పూట శ్రమని కూడా మిగిల్చింది. మంచి పొదుపు అంటే ఇదీ.

మూడోది, పారేసేవాటిని పళ్ళెంలోకి తేవడం. లేత బీరకాయలు రెండు కొన్నారనుకోండి. చెక్కు తీయకముందే బాగా కడగండి. ఆ చెక్కుని చెంచాడు నూనెలో పసరువాసన పోయేదాకా వేయించండి. విడిగా శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, నాలుగైదు ఎండుమిరపకాయలు పోపు వేసి, ఉసిరికాయంత చింతపండు, ఉప్పు కలిపి కచ్చాపచ్చాగా రుబ్బితే బీరపొట్టు పచ్చడి. కూర కొన్న డబ్బులకే పచ్చడి కూడా వచ్చింది. పుచ్చకాయలో ఎర్రభాగం తిన్నాక మిగిలే తెల్లటి దళసరి భాగాన్ని ముక్కలు కోసి పెసరపప్పుతో వండి చూడండి, సొరకాయ కూరలాగే ఉంటుంది. కాలీఫ్లవరు కాడలూ, కొత్తిమీర కాడలూ పప్పులోకి బాగుంటాయి.

అలాగని పొదుపు పేరుతో పాడైపోయినవాటిని తినబోకండి. ఒకసారి వానాకాలంలో నా డబ్బాలోని వేరుశనగ గుళ్ళకి ముక్కవాసన వచ్చింది. అక్కడక్కడా బూజు. వేయిస్తే సరిపోతుందిలే అనుకుని, వేయించి పొడికొట్టాను. చేదు! అందులో వేసిన నువ్వులూ, మిరపకాయలూ, బెల్లమూ అన్నీ కలిపి పారబోశాను. ఆ తర్వాత తెలుసుకున్న సంగతేమిటంటే, వేరుశనగకి పట్టే కొన్ని రకాల బూజులు ఎఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. అది కాలేయానికి చాలా చెరుపు. మన వంటింటి వేడికి అది పూర్తిగా పోదు. కాబట్టి బూజుపట్టినవీ, రంగుమారి ముడుచుకుపోయినవీ ఏరిపారెయ్యడమే పొదుపు. వైద్యుడి దగ్గరికి పోయే ఖర్చు తప్పుతుంది గదా.

వేపుడు నూనె విషయమూ అంతే. బూరెలు వండిన నూనెని పదేపదే కాచకండి. వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో పోపులకీ కూరలకీ వాడేసుకోండి. కొత్తనూనెలో కలపకండి. నూనె కాగినకొద్దీ అందులో ఒంటికి పడని పదార్థాలు పెరుగుతాయి. అవి నూటికి 25 పాళ్ళు దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జూలై 1 నుంచి దేశంలో హోటళ్ళకీ మిఠాయి దుకాణాలకీ నియమం పెట్టారు. మన వంటింట్లో కొలిచే యంత్రం ఉండదు. నల్లబడి, చిక్కబడి, నురగకడుతూంటే అదే గుర్తు.

ఇక గ్యాసు. మన ఇళ్ళకి వచ్చే మామూలు సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. కొత్త సిలిండరు పెట్టిన రోజున క్యాలెండరు మీద ఒక గుర్తు పెట్టండి. అయిపోయిన రోజున మరో గుర్తు. మూడు సిలిండర్లు ఇలా చూస్తే మీ ఇంటికి ఎన్నాళ్ళు వస్తోందో తేలుతుంది. అప్పుడు ఈ చిట్కాలు పాటించి ఎన్ని రోజులు ఎక్కువ వచ్చిందో చూసుకోండి. శనగలూ, రాజ్మాలాంటివి రాత్రే నానబోయండి. నీళ్ళు తెర్లడం మొదలుపెట్టగానే సెగ తగ్గించండి. ఎంత మంటపెట్టినా తెర్లే నీళ్ళ వేడి 100 డిగ్రీలు దాటదు, ఆవిరి మాత్రం వృథాగా పోతుంది. ప్రెషరు కుక్కరులో ఆవిరి బయటికి పోకపోవడంవల్ల వేడి సుమారు 120 డిగ్రీలదాకా వెళుతుంది. పప్పు అంత త్వరగా ఉడికేది అందుకే. ఒక్క మూత పెట్టి వండడం అలవాటు చేసుకున్నా చాలు, తేడా మీకే కనిపిస్తుంది.

గుమ్మడి వడియాలు పెట్టుకోవాలా వద్దా అని అడుగుతారేమో. మీకు ఎండ ఉంటే పెట్టుకోండి. బూడిదగుమ్మడికాయ ముక్కలకి ఉప్పు పట్టించి, గుడ్డలో మూటగట్టి, రాత్రంతా బరువుపెట్టి నీరు కార్చాలి. నీళ్ళు పొయ్యకుండా గట్టిగా రుబ్బిన మినప్పిండీ, పచ్చిమిరప ముద్దా కలిపి పెట్టుకోవాలి. మూడు నాలుగు రోజుల గట్టి ఎండ ఉండాలి. డాబా లేదు, బాల్కనీలోకి గంట మాత్రమే ఎండ వస్తుంది అన్నవారు మాత్రం ఈ పని జోలికి పోకండి. సగం ఎండిన వడియం బూజుపడుతుంది, పప్పూ పోతుంది, కష్టమూ పోతుంది.

అప్పడాల సంగతి మరోటి. పిండి దంచాలి, ఉండలు చెయ్యాలి, పలచగా వత్తాలి, ఆరబెట్టాలి. ఒక్క చేత్తో అయ్యే పని కాదు. మన చిన్నప్పుడు అమ్మ, పిన్ని, పక్కింటి అత్తయ్య అందరూ కలిసి కూచునేవారు. మాటల్లో పని తెలిసేది కాదు. ఇవాళ ఒంటరిగా కూచుని నాలుగు కట్టల అప్పడాలు వత్తడమంటే రోజంతా పోతుంది. ఇది కొనుక్కోవలసిన వస్తువు, లేదా నలుగురు కలిసి చేసుకోవలసిన వస్తువు. నలుగురూ కలిస్తే ఏమవుతుందో చెప్పనా? 1959 మార్చి 15న బొంబాయిలోని గిర్‌గాంలో ఏడుగురు గుజరాతీ ఇల్లాళ్ళు 80 రూపాయలు అప్పుతెచ్చి, తాము ఉండే భవనం డాబామీద కూచుని అప్పడాలు వత్తారు. దాంట్లోంచే లిజ్జత్ పాపడ్ సంస్థ పుట్టింది. తరవాత వేలమంది ఆడవాళ్ళకి అది జీవనాధారమైంది. వాళ్ళు వత్తింది మనమంతా వత్తే అప్పడమే. తేడా ఏమిటంటే, వాళ్ళు తమ చేతిపనికి వెల కట్టుకున్నారు.

ఇప్పుడు సూదీ దారం దగ్గరికి వద్దాం. బట్టలపెట్టెలో మెత్తబడిన నూలు చీరలు ఉంటాయి. స్టీలు సామాన్లవాడికి వేస్తే ఒక చిన్న గిన్నె ఇస్తాడు. అంతకంటే మంచి వాడకం ఉంది. చీర పొడుగు సుమారు పద్ధెనిమిది అడుగులు. దాన్ని మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడుగు, మూడుముప్పావు అడుగుల వెడల్పు వస్తుంది. రెండు చీరలు అలా మడిచి ఒకదానిమీద ఒకటి పరిస్తే ఆరు పొరలు. ఒక మనిషి పడుకునే మంచానికి సరిగ్గా సరిపోతుంది. కలనేతలో బాగున్న ముక్క పైకి, చిరుగులున్నది లోపలికి ఉంచండి. పొరలు జరగకుండా ముందు అటూ ఇటూ పొడుగు టాకాలు వేసుకోండి. తరవాత అంచునించి మొదలుపెట్టి, రెండేసి వేళ్ళ ఎడంతో వరసగా గుచ్చి తీసే మామూలు కుట్టు వేసుకుంటూ లోపలికి రండి. అంతా అయ్యాక టాకాలు లాగేయండి. కుట్టుమిషను ఉన్నవాళ్ళు అంచుల్ని మిషనుమీద కుట్టేసి, మధ్యలో మాత్రం చేత్తో కుడితే సగం శ్రమ తగ్గుతుంది. రోజూ అరగంటకి మించి కుట్టకండి. అత్తగారి బొటనవేలు నాకిప్పటికీ గుర్తే.

బొంతకి ఓపిక లేనివారు కాళ్ళు తుడుచుకునే పట్టా చేసుకోవచ్చు. చీరని రెండంగుళాల వెడల్పు పేలికలుగా చింపి, మూడు పాయలు తీసుకుని జడలా అల్లండి. పొడుగు చాలకపోతే పేలిక చివర మరో పేలిక కుట్టుకుంటూ పొండి. ఆ జడని మధ్యనించి గుండ్రంగా చుడుతూ, చుట్టుకీ చుట్టుకీ నడుమ కుట్టు వేస్తే పట్టా తయారు. నూలువే వాడండి. పాలియెస్టరు చీరలు నీటిని పీల్చవు, పైగా నున్నటి గచ్చుమీద జారతాయి.

పాత పంట్లాము ఉంటే ఇంకా తేలిక. కాలిభాగాన్ని పదహారు అంగుళాలు కత్తిరించి, ఒక పక్క మూసి కుట్టి, నడుము పట్టీతో రెండు పిడులు వేస్తే కూరగాయల సంచి. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రానులకంటే పలచని ప్లాస్టిక్ సంచుల్ని దేశమంతటా నిషేధించారు. దుకాణంలో సంచి అడిగితే విడిగా డబ్బు పుచ్చుకుంటున్నారు. గంటలోపల కుట్టిన సంచి ఏళ్ళ తరబడి వస్తుంది. మూడు ప్రశ్నలకీ జవాబు బాగున్న పని ఇది.

ఇంత చెప్పాక మళ్ళీ మొదటి మాటకి వస్తాను. మన చేతిపనిని మనమే లెక్కలో వేసుకోకపోతే ఇంకెవరూ వెయ్యరు. దీనికి మన గోదావరి ఒడ్డునే ఒక ఉదాహరణ ఉంది. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళు అల్లే లేసు పేరు మీరు వినే ఉంటారు. అది విదేశాలకి వెళుతుంది. మారియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు అక్కడికి వచ్చి, ఆ ఆడవాళ్ళ పని గురించి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. వాళ్ళు గంటల తరబడి అల్లుతున్నా, ఇంట్లో కూచుని చేసే పని కాబట్టి వాళ్ళని కార్మికులు అనుకోలేదు, ఇల్లాళ్ళు తీరికవేళ చేసే కాలక్షేపం అనుకున్నారు, అందుకే కూలి అంత తక్కువ అని ఆమె తేల్చింది. నిజమే గదా! బొంత కుడుతున్న ఇల్లాలిని చూసి మనం కూడా 'తీరిగ్గా ఉన్నారే' అంటాం.

2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో సర్వే చేయించింది. ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. 299 నిమిషాలంటే ఒక్క నిమిషం తక్కువగా అయిదు గంటలు. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో మరణించిన భార్యాభర్తల కుటుంబానికి నష్టపరిహారం విషయంలో 2021 జనవరి 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ గారు ఈ లెక్కల్నే ప్రస్తావించారు. ఇల్లాలు పనిచెయ్యదనీ, ఆమె పనికి ఆర్థికమైన విలువ లేదనీ అనుకోవడం తప్పని, ఆ భావన పోవాలని ఆయన రాశారు. ఆ ఇల్లాలి పనికి వెల కట్టింది ఆవిడ పోయిన తరవాత. మనం బతికుండగానే మన ఇంట్లో కట్టుకుంటే ఏం పోయింది?

అంటే ఇంట్లోవాళ్ళని జీతం అడగమని కాదు సుమండీ! పద్దుల పుస్తకంలో ఇంకొక గడి గీయండి. ఒక పక్క రూపాయలు, ఇంకో పక్క గంటలు. కందిపొడి, అరగంట. సంచి, గంట. బిస్కట్లు, రెండు గంటలు, ఎవరూ తినలేదు. నెల తిరిగేసరికి ఏది చెయ్యాలో, ఏది కొనాలో మీకే తెలిసిపోతుంది. ఆ గడిని ఇంట్లో అందరికీ చూపించండి. గంటలు ఎక్కువైన చోట పనిని పంచండి. పప్పు వేయించడం, మినప్పప్పు కడగడం, గుండీ కుట్టుకోవడం మగపిల్లలకీ వస్తుంది, నేర్పితే.

మా ఎదురింటి అమ్మాయికి ఆ రోజే ఒక నోటుపుస్తకం ఇచ్చి రెండు గడులు గీయించాను. ఈ నెల బిస్కట్లు మానేసింది. ఇడ్లీపిండి, కందిపొడి, పెరుగు మాత్రం ఉంచుకుంది. పోయిన నెలకంటే కాస్త మిగిలిందట. అంతకంటే నాకు సంతోషం కలిగించిన సంగతి మరోటి చెప్పింది. గంటల గడి చూసిన దగ్గరనించి ఆదివారం పూట పిండి రుబ్బే పని ఇంటాయన తీసుకున్నాడట. మొదటిసారి గిన్నె నిండా పోసి, తెల్లారేసరికి గట్టంతా పిండి చేశాడట. తుడిచింది కూడా ఆయనేనట!

మీరూ ఈ నెల ఒకటో తారీఖున ఆ రెండో గడి గీసి చూడండి. సెలవు.